పాత సీలింగ్ ఫ్యాన్: కాలాన్ని గుర్తించి, తయారీని అర్థం చేసుకుని, మళ్లీ నడిపించే పద్ధతి

పాత సీలింగ్ ఫ్యాన్‌ను బాగుచేయదలచినవారు స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు దాన్ని ఒకటికి రెండుసార్లు నిదానంగా పరిశీలించాలి. అది ఏ కాలంలో, ఏ పద్ధతిలో తయారైందో తెలియకుండా విప్పడం మొదలుపెడితే, సులభంగా బాగుపడవలసిన మోటారు కూడా పాడవుతుంది. డీసీ (ఒకే దిశలో పారే విద్యుత్తు) కోసం తయారైన ఫ్యాన్‌ను ఏసీకి (దిశ మారుతూ పారే విద్యుత్తుకు) కలపడం, 60 హెర్ట్జ్ (సెకనుకు 60 ఆవర్తనాల) మోటారును అదే వోల్టేజీ దగ్గర 50 హెర్ట్జ్ సరఫరాపై నడపడం వంటి తప్పులకు వైండింగ్ (మోటారులోని తీగచుట్టు) కాలిపోవచ్చు. ఒక ఫ్యాన్ చరిత్రకు అన్నిటికన్నా నమ్మదగిన సాక్ష్యం దాని భాగాలలోనే ఉంటుంది. వాటిని పోల్చుకోగలిగితే మరమ్మతులో కష్టమైన భాగం తీరిపోయినట్టే.

ఈ పని మొత్తం విద్యుత్ సరఫరాను మెయిన్ స్విచ్ దగ్గర ఆపివేసి, తీగలలో ప్రవాహం లేదని టెస్టర్‌తో నిర్ధారించుకున్న తర్వాతే చేయాలి. సరఫరా ఆపిన తర్వాత కూడా విద్యుత్తును నిల్వ చేసుకునే కెపాసిటర్ అనే భాగంలో విద్యుదావేశం మిగిలి ఉండవచ్చు కనుక, ఒక రెసిస్టర్ (ప్రవాహాన్ని తగ్గించే భాగం) ద్వారా దాన్ని ఖాళీ చేయకుండా ముట్టుకోకూడదు.

ఫ్యాన్ ఏ దశకు చెందినదో తెలుసుకోవడం

పైకప్పు నుంచి గాలి వీచే ఏర్పాట్లు విద్యుత్తు కన్నా పాతవి. భారతదేశంలో మనుషులు తాడు లాగి ఊపిన గుడ్డ పంకాలు అందరికీ తెలిసినవే. రెక్కలతో గుండ్రంగా తిరిగే ఫ్యాన్ మాత్రం 1860, 1870 దశకాల అమెరికాలో వాడుకలోకి వచ్చింది. పారే నీటితో ఒక టర్బైన్‌ను తిప్పి, ఆ చలనాన్ని బెల్టుల ద్వారా పైకప్పు వెంట సాగదీసి, ఒకే మూలం నుంచి వరుసగా ఎన్నో రెండు రెక్కల ఫ్యాన్‌లను తిప్పేవారు. వాటిలో మోటారు ఉండదు. ఇరుసుకు ఒక కప్పీ మాత్రమే ఉంటుంది. అలంకరణ కోసం ఇప్పటికీ బెల్టు ఫ్యాన్‌లు తయారవుతున్నాయి కనుక, కప్పీ ఒక్కటి చూసి అది పందొమ్మిదో శతాబ్దపు వస్తువని తేల్చకూడదు.

జర్మనీలో పుట్టి అమెరికాకు వలస వెళ్లిన ఫిలిప్ డీల్ సింగర్ కుట్టుమిషన్లకు విద్యుత్ మోటారు రూపొందించిన ఇంజనీరు. 1880 దశకంలో ఆయన అదే తరహా మోటారుకు రెక్కలు బిగించి పైకప్పుకు వేలాడదీశారు. దానితో ప్రతి ఫ్యాన్‌కూ సొంత మోటారు ఏర్పడి, బెల్టుల అవసరం తీరిపోయింది. ఆ తర్వాత ఆయన ఫ్యాన్‌కే దీపాన్ని కూడా అమర్చారు. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ ప్రారంభించిన పెర్ల్ స్ట్రీట్ కేంద్రం డీసీనే సరఫరా చేసింది. తొలితరం ఫ్యాన్‌లు డీసీ మోటార్లతో రావడానికి కారణం అదే. అటువంటి మోటారు లోపల రాగి పలకలతో కూర్చిన కమ్యుటేటర్, దాన్ని ఒరుసుకుంటూ ఉండే కార్బన్ బ్రష్‌లు కనిపిస్తాయి. కొన్నిటికి బ్రష్‌లను మార్చడానికి డొప్ప (మోటారు బయటి కవచం) పక్కన చిన్న మూతలు కూడా ఉంటాయి. ఈ గుర్తులు కనిపించిన ఫ్యాన్‌ను ఎట్టి పరిస్థితిలోనూ నేరుగా ఏసీకి కలపకూడదు.

ఆవిష్కర్త నికోలా టెస్లాకు 1888లో ఏసీ మోటార్లపై పేటెంట్లు లభించిన తర్వాత ఇండక్షన్ మోటారుకు దారి ఏర్పడింది. ఇందులో తిరిగే భాగానికి తీగ ద్వారా విద్యుత్తు అందించనవసరం లేదు కనుక అరిగిపోయే బ్రష్‌లు ఉండవు. ఫ్యాన్ దశాబ్దాల పాటు నడవడానికి ఇదే ముఖ్య కారణం. అయితే అనేక నగరాలలో డీసీ సరఫరా ఇరవయ్యో శతాబ్దంలోనూ చాలాకాలం కొనసాగింది. అందువల్ల డీసీ ఫ్యాన్ కనిపించినంత మాత్రాన అది అతి ప్రాచీనమైనదని అనుకోనక్కరలేదు.

రెక్కల సంఖ్య కూడా కొంత చెబుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి అమెరికాలో రెండు రెక్కల స్థానంలో నాలుగు రెక్కలు సాధారణమయ్యాయి. శబ్దం తగ్గి, గాలి పెరిగింది. ఎయిర్ కండిషనర్లు వ్యాపించిన 1950, 1960 దశకాల్లో అక్కడ ఫ్యాన్‌లు దాదాపు మరుగునపడి, 1973 చమురు సంక్షోభం తర్వాత మళ్లీ ఆదరణ పొందాయి. ఆ సమయంలో పాత నమూనాలను అనుకరిస్తూ కొత్త ఫ్యాన్‌లు పెద్ద సంఖ్యలో తయారయ్యాయి. ఇత్తడి పూత, చెక్క రెక్కలు, చెక్కడపు పనితనం ఉన్నంత మాత్రాన 1920 నాటిదని నమ్మి మోసపోయేవారు ఎక్కువగా ఈ అనుకరణల వల్లనే మోసపోతారు.

నేమ్ ప్లేట్ చదవడం

తయారీ వివరాలు ఉండే నేమ్ ప్లేట్‌ను తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డ, కొద్దిగా సబ్బునీరు చాలు. గీకితే అక్షరాలతో పాటు ఆధారమూ పోతుంది. మొదట వోల్టేజీ, తర్వాత సరఫరా రకం, ఆపైన ఫ్రీక్వెన్సీ చూడాలి. ఫ్రీక్వెన్సీని సెకనుకు సైకిళ్లలో రాశారా, హెర్ట్జ్‌లో రాశారా అన్నది మంచి ఆధారం. హెర్ట్జ్ అనే ప్రమాణాన్ని 1960లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ ఆమోదించింది. ఆ తర్వాతనే అది క్రమంగా వస్తువులపైకి వచ్చింది. కాబట్టి సైకిళ్లు అని ఉన్న ఫ్యాన్ చాలావరకు 1970 దశకానికి ముందుదే అయి ఉంటుంది.

అమెరికా పేటెంట్ సంఖ్యలు ఉంటే కాలనిర్ణయం మరింత కచ్చితమవుతుంది. ఆ దేశపు పేటెంట్లలో పది లక్షల సంఖ్య 1911లో, ఇరవై లక్షల సంఖ్య 1935లో, ముప్పై లక్షల సంఖ్య 1961లో జారీ అయ్యాయి. ప్లేట్‌పై ఉన్నవాటిలో అతి పెద్ద సంఖ్య ఏ సంవత్సరానిదో, ఫ్యాన్ అంతకన్నా ముందు తయారై ఉండదు. అప్పటి పేటెంట్ గడువు 17 ఏళ్లు కనుక, తయారీ సాధారణంగా ఆ గడువుకు లోబడే ఉంటుంది. సంఖ్యలకు బదులు పేటెంట్ తేదీలు మాత్రమే ముద్రించి ఉంటే, 1927లో ఆ దేశ చట్టం సంఖ్యను తప్పనిసరి చేయడానికి ముందు కాలపు ఫ్యాన్ కావచ్చు.

రెక్కల వ్యాప్తిని అంగుళాలలో చూపితే ఒక కాలం, మిల్లీమీటర్లలో చూపితే మరొక కాలం. 36, 48, 56 అంగుళాల పాత కొలతలే మెట్రిక్ పద్ధతి వచ్చిన దేశాలలో 900, 1200, 1400 మిల్లీమీటర్లుగా స్థిరపడ్డాయి. ప్లేట్ లేని ఫ్యాన్‌లో పదార్థాలే ఆధారం. బేకలైట్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) భాగం ఉంటే 1909కి ముందుది కాదు, ఎందుకంటే లియో బేక్లాండ్ ఆ పదార్థాన్ని 1907లో కనుగొని 1909లో పేటెంట్ పొందారు. నక్షత్రపు గాడి గల ఫిలిప్స్ స్క్రూలు 1930 దశకం మధ్య నుంచే వాడుకలోకి వచ్చాయి. అయితే స్క్రూను ఎవరైనా తర్వాత మార్చి ఉండవచ్చు. నాలుగింటిలో ఒక్కటే అలా ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. నూలు చుట్టిన తీగ, రబ్బరు తొడుగు, పోత ఇనుప డొప్ప పాతకాలపు లక్షణాలు. ఎనామిల్ తీగ, పీవీసీ తొడుగు, అల్యూమినియం పోత లేదా పలుచని ఉక్కు రేకు డొప్ప తర్వాతి కాలానివి.

మోటారు ఎలా తయారైందో తెలిసి విప్పడం

సీలింగ్ ఫ్యాన్ మోటారు నిర్మాణం మిగతా మోటార్లకు తారుమారుగా ఉంటుంది. సాధారణ మోటారులో డొప్ప కదలకుండా ఉండి ఇరుసు తిరుగుతుంది. ఆధునిక సీలింగ్ ఫ్యాన్లలో ఇరుసు, దానికి బిగిసిన స్టేటర్ (వైండింగ్ ఉండే స్థిర భాగం) కదలకుండా ఉండి, చుట్టూ ఉన్న డొప్ప రోటర్‌తో (మోటారులో తిరిగే భాగంతో) సహా తిరుగుతుంది. రెక్కలను నేరుగా డొప్పకే బిగించడానికి ఇది వీలు కల్పించింది. గేర్లు లేకుండానే రెక్కలు నెమ్మదిగా తిరగాలంటే మోటారుకు పోల్‌లు (అయస్కాంత ధ్రువాలు) ఎక్కువగా ఉండాలి. 120ని ఫ్రీక్వెన్సీతో గుణించి పోల్‌ల సంఖ్యతో భాగిస్తే అయస్కాంత క్షేత్రం నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో తెలుస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర 14 పోల్‌లకు అది సుమారు 429, 16 పోల్‌లకు 375, 18 పోల్‌లకు 333. రోటర్ వేగం ఎప్పుడూ దీనికన్నా కొంత తక్కువే. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ఈ లెక్క వేయకుండా మోటారును తప్పుపట్టకూడదు.

కర్మాగారంలో పని సిలికాన్ ఉక్కు రేకుతో మొదలవుతుంది. సుమారు అర మిల్లీమీటరు మందం గల రేకును అచ్చు యంత్రంలో కత్తిరించి, గాడులు గల బిళ్లలుగా మార్చి, వాటిని దొంతరగా పేర్చి బిగిస్తారు. ఒకే దిమ్మ ఉక్కును వాడితే మారుతున్న అయస్కాంత క్షేత్రం దానిలో సుడి ప్రవాహాలను పుట్టించి వేడెక్కిస్తుంది. విడివిడి రేకుల మధ్య ఉన్న పలుచని పూత ఆ ప్రవాహాలను అడ్డుకుంటుంది. గాడులలో ఇన్సులేషన్ కాగితం లేదా పాలియెస్టర్ పొర పెట్టి, ఎనామిల్ పూసిన తీగను యంత్రంతో చుట్టి, వార్నిష్‌లో ముంచి, కొలిమిలో ఆరబెడతారు. వార్నిష్ తీగలను ఒకదానికొకటి కరిపించి, కంపనానికి రాపిడి జరగకుండా కాపాడుతుంది. పాత ఫ్యాన్ కూనిరాగం తీస్తూ ఉంటే రేకుల దొంతర సడలిందా, వార్నిష్ పొడిగా రాలిపోతోందా అన్నది చూడాలి.

రోటర్‌కు వేరే తీగచుట్టు ఉండదు. రేకుల వలయంలోని గాడులలోకి కరిగిన అల్యూమినియాన్ని ఒత్తిడితో పోస్తే, కడ్డీలు, వాటిని రెండు వైపులా కలిపే వలయాలు ఒకే పోతగా ఏర్పడతాయి. పోతలో గాలి బుడగ మిగిలితే ఆ కడ్డీ బలహీనపడి మోటారు శక్తి తగ్గుతుంది. తర్వాత మూతలను లేత్‌పై తిప్పి బేరింగ్ కూర్చునే రంధ్రాన్ని కొలతకు తెస్తారు. అన్నిటికన్నా జాగ్రత్త కావలసిన చోటు ఇదే. స్టేటర్‌కూ రోటర్‌కూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొద్ది భాగమే ఉంటుంది కనుక, రెండు రంధ్రాల కేంద్రాలు ఒకే గీతపై లేకపోతే రోటర్ ఒకవైపు ఒరుసుకుంటుంది. విప్పే ముందు పై మూతకూ కింది మూతకూ కలిసేలా ఒక చిన్న గీత గీసుకోమని చెప్పేది ఇందుకే. కర్మాగారంలో జతగా తయారైన మూతలు మళ్లీ అదే స్థితిలో కలవాలి.

స్క్రూలు తుప్పుపట్టి ఉంటే తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి ఆగాలి. తొందరపడి తల అరగదీస్తే రోజంతా వృథా అవుతుంది. మూతల మధ్య ఉక్కు పనిముట్టు పెట్టి పైకెత్తకూడదు, ఎందుకంటే దాని మొన వైండింగ్‌ను తాకితే ఒక్క గీతతో మోటారు పనికిరాకుండా పోతుంది. చెక్క దిమ్మ ఆనించి మూత అంచు చుట్టూ తేలికగా తట్టుతూ విడదీయాలి.

బేరింగులు

ఇరుసును పక్కలకు కదిపి చూస్తే వదులు తెలుస్తుంది. స్టేటర్ అంచున మెరిసే గీత కనిపిస్తే రోటర్ ఇప్పటికే ఒరుసుకున్నట్టు. పాత ఫ్యాన్‌లలో కంచు బుష్‌లు (ఇరుసు తిరిగే గొట్టపు ఆధారాలు), నూనె గిన్నెలు ఉంటాయి. వీటిలో పాత నూనెను పూర్తిగా తీసి, కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టి, డిటర్జెంట్ కలపని తేలికపాటి ఖనిజ నూనెను తయారీదారు గుర్తించిన మట్టం వరకే పోయాలి. ఎక్కువ పోస్తే అది వైండింగ్‌పైకి చిమ్ముతుంది. నూనె గిన్నె గల మంచి ఫ్యాన్‌కు బాల్ బేరింగ్ పెట్టించాలని కొందరు మెకానిక్‌లు సలహా ఇస్తారు. బుష్ అరగనంత కాలం అది అనవసరం; నూనెలో తిరిగే ఇరుసు అంత నిశ్శబ్దంగా మరేదీ తిరగదు.

తర్వాతి కాలపు ఫ్యాన్‌లలో బాల్ బేరింగులు ఉంటాయి. వాటిపై ఉండే సంఖ్య పరిమాణాన్ని తెలుపుతుంది: 6201 అంటే లోపలి వ్యాసం 12, బయటి వ్యాసం 32, మందం 10 మిల్లీమీటర్లు. 6202 అంటే 15, 35, 11 మిల్లీమీటర్లు. పైనా కిందా వేరువేరు పరిమాణాలు ఉండవచ్చు కనుక, తీసిన వెంటనే ఏది ఎక్కడిదో రాసుకోవాలి. పాతదాన్ని పుల్లర్‌తో లాగాలి. కొత్తదాన్ని ఇరుసుపైకి ఎక్కించేటప్పుడు ఒత్తిడి లోపలి వలయంపై మాత్రమే పడాలి. బయటి వలయంపై సుత్తితో కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా వెళ్లి వాటి దారిలో గుంటలు పెడుతుంది. కొత్త బేరింగ్ మొదటి రోజు నుంచే మోగుతుంది.

విద్యుత్ పరీక్షలు

ఒకే వైండింగ్ గల సింగిల్ ఫేజ్ (ఇళ్లకు వచ్చే సాధారణ ఏసీ సరఫరాపై నడిచే) మోటారులో అయస్కాంత క్షేత్రం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది గాని చుట్టూ తిరగదు. అందువల్ల ఆగి ఉన్న రోటర్ తనంతట తాను కదలదు. దీనికి పరిష్కారంగా పాత ఫ్యాన్‌లలో కొన్నిటికి ప్రతి పోల్‌లో కొంత భాగానికి రాగి వలయం తొడిగారు; వాటిని షేడెడ్ పోల్ మోటార్లు అంటారు. వీటికి కెపాసిటర్ ఉండదు కనుక అది పోయిందని వెతకడం వృథా. తర్వాతి ఫ్యాన్‌లకు ప్రధాన వైండింగ్‌కు తోడుగా ఉండే సహాయక వైండింగ్‌తో సిరీస్‌లో (ఒకే ప్రవాహం రెండిటి గుండా సాగేలా) కెపాసిటర్‌ను కలిపి, రెండు ప్రవాహాల మధ్య కాలభేదం కల్పించి, క్షేత్రాన్ని తిప్పారు. స్విచ్ వేసినప్పుడు కదలక, చేత్తో ఎటు తోస్తే అటు తిరిగే ఫ్యాన్‌లో లోపం కెపాసిటర్‌లో గాని, సహాయక వైండింగ్‌లో గాని ఉంటుంది.

మోటారు నుంచి వచ్చే మూడు తీగలలో ఏది ఏదో రంగులను బట్టి నమ్మకూడదు. మల్టీమీటర్‌తో మూడు జతలనూ కొలవాలి. ఎక్కువ విలువ చూపిన జత రెండు వైండింగ్‌ల చివరలు. మిగిలిన మూడో తీగ ఉమ్మడి తీగ. అన్నిటికన్నా పెద్ద విలువ మిగతా రెండిటి మొత్తానికి సమానంగా ఉండాలి. అలా కుదరకపోతే కొలత తప్పు, లేదా ఏదో అతుకు సరిగా లేదు. తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే పరికరంతో) వైండింగ్‌కూ డొప్పకూ మధ్య ఇన్సులేషన్ పరీక్షించాలి. ఒక మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) కన్నా తక్కువ చూపితే సరఫరా ఇవ్వకూడదు. చాలాకాలం మూలపడి ఉన్న మోటారులో దీనికి తేమ కారణం కావచ్చు. వెచ్చని పొడి గాలిలో ఒకటి రెండు రోజులు ఉంచి మళ్లీ కొలిస్తే నిజం తెలుస్తుంది. అప్పటికీ విలువ పెరగకపోతే రీవైండింగ్ (తీగను మళ్లీ చుట్టించడం) తప్పదు.

కెపాసిటర్‌ను మార్చేటప్పుడు అదే మైక్రోఫారడ్ విలువ వాడాలి. 230 వోల్టుల ఫ్యాన్‌కు కనీసం 440 వోల్టుల ఏసీ రేటింగ్ ఉండడం మంచిది. వేగం పెరుగుతుందని ఎక్కువ విలువ గలదాన్ని వేయడం చాలా చోట్ల కనిపించే అలవాటు. దీనివల్ల సహాయక వైండింగ్‌లో ప్రవాహం పెరిగి అది వేడెక్కుతుంది, మోటారు ఆయుష్షు తగ్గుతుంది. ఎవరు చెప్పినా ఈ పని చేయవద్దని గట్టిగా కోరుతున్నాను. లోహపు డబ్బాలో నూనెతో నిండిన పాత కెపాసిటర్ కనిపిస్తే దాన్ని కోయకూడదు, నూనె కారుతుంటే చేతి తొడుగులు లేకుండా తాకకూడదు. అటువంటి వాటిలో పీసీబీ అనే విష రసాయనం ఉండే అవకాశం ఉంది. అమెరికా దాని తయారీని 1979లో నిషేధించింది. పాత రంగులోనూ సీసం ఉండవచ్చు కనుక పొడిగా గరుకు కాగితంతో రుద్దకుండా, తడిపి తీయడమే క్షేమం.

రెక్కలు, వేలాడదీయడం

కర్మాగారంలో రెక్కలను తూచి, సమాన బరువున్నవాటిని ఒక జతగా కడతారు. రెండు ఫ్యాన్‌ల రెక్కలను కలిపి వాడితే ఊగడానికి అదే కారణమవుతుంది. బిగించిన తర్వాత ఒక్కో రెక్క కొనను ఒకే చోటికి తెచ్చి, పైకప్పు నుంచి దూరం కొలవాలి. తేడా ఉంటే రెక్కను వంచకుండా ముందు దాన్ని పట్టి ఉంచే ఇనుప పట్టీని సరిచూడాలి. వంపు కోణం మారితే గాలి, మోటారుపై భారం రెండూ మారతాయి.

పాత ఫ్యాన్‌ను వేలాడదీసేటప్పుడు పాత రబ్బరు బుష్‌ను, పాత స్ప్లిట్ పిన్‌ను మళ్లీ వాడకూడదు. రబ్బరు గట్టిపడి పగులుతుంది. ఆ తర్వాత లోహం లోహాన్ని ఒరుసుకుని బోల్టును కోస్తుంది. పోత ఇనుప ఫ్యాన్ నేటి ఫ్యాన్‌ల కన్నా చాలా బరువుగా ఉంటుంది కాబట్టి, కొక్కెం ఆ బరువును మోయగలదో లేదో ముందే నిర్ధారించుకుని, అదనంగా ఒక ఉక్కు తాడును భద్రత కోసం కట్టాలి.

మొదటిసారి సరఫరా ఇవ్వడం

పైకప్పుకు ఎక్కించక ముందే, రెక్కలు లేకుండా, మోటారుతో సిరీస్‌లో ఒక ఫిలమెంట్ బల్బు కలిపి సరఫరా ఇవ్వాలి. బల్బు పూర్తి కాంతితో వెలిగితే లోపల షార్ట్ ఉన్నట్టు; వెంటనే ఆపివేయాలి. మసకగా వెలిగి మోటారు మెల్లగా తిరగడం మొదలుపెడితే ఆశాజనకం. ఆ తర్వాత బల్బు తీసి, నేరుగా సరఫరా ఇచ్చి, ఒక గంట నడిపి, ఆపి, సరఫరా తెంచి, డొప్పపై చేయి వేసి చూడాలి. వెచ్చగా ఉండడం సహజం. చేయి నిలపలేనంత వేడి ఉంటే వైండింగ్‌లో కొన్ని చుట్లు షార్ట్ అయి ఉండవచ్చు, లేదా ఫ్రీక్వెన్సీ, వోల్టేజీ సరిపోలక ఉండవచ్చు.

రెగ్యులేటర్ విషయంలో పాత తీగచుట్టు రెసిస్టెన్స్ పెట్టె కొంత శక్తిని వేడిగా పోగొడుతుంది గాని, మోటారుకు అందే తరంగ రూపాన్ని చెడగొట్టదు. ట్రయాక్ (ఒక ఎలక్ట్రానిక్ స్విచ్) ఆధారిత ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ తరంగాన్ని ముక్కలుగా కోస్తుంది కనుక పాత మోటార్లు దానితో హోరుమంటాయి. కెపాసిటర్లతో మెట్లుగా వేగం మార్చే రెగ్యులేటర్ ఈ రెండిటి కన్నా ఏసీ కెపాసిటర్ మోటారుకు అనువైనది. శాశ్వత అయస్కాంతాలతో, ఎలక్ట్రానిక్ నియంత్రణతో వచ్చే నేటి బ్రష్‌లెస్ ఫ్యాన్‌లకు ఈ మూడూ పనికిరావు. వాటికి సొంత నియంత్రణే ఉంటుంది.

పని పూర్తయ్యాక మూడు తీగల మధ్య నిరోధం, ఇన్సులేషన్ విలువ, కెపాసిటర్ విలువ, బేరింగ్ సంఖ్యలు, నూనె పోసిన తేదీ ఒక కాగితంపై రాసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఫ్యాన్‌తో పాటు దాచే కాగితాలలో ఉంచాలి. మరుసటి సంవత్సరం కొలిచినప్పుడు ఇన్సులేషన్ విలువ సగానికి పడిపోయి ఉంటే, పొగ రాకముందే లోపం తెలిసేది ఆ కాగితం వల్లనే.